వంశచరిత్రకై రికార్డాఫీసునకు పోవుటకు ముందు

గత సంవత్సరము మా సంఘ సభ్యులలో ఒకరు తమ వంశచరిత్ర వ్రాసికొనవలెనను కోరికతో పట్టణములోని పాత దస్తరముల కార్యాలయమునకు పోయి, రెండు దినములు అచ్చట నుండి, రిక్తహస్తములతో తిరిగి వచ్చిరి. రాకపోకల ఖర్చు, బస ఖర్చు, నాట్ల దినములలో రెండు రోజుల పని, ఇవి యన్నియు వ్యర్థమైనవి. వారు మాతో చెప్పిన మాట యిది: "మా యింటిపేరు చెప్పితిని. ఇంటిపేరును బట్టి వెదకుటకు వీలులేదనిరి. ఏ తాలూకా, ఏ ఫసలీ, జమీందారీ గ్రామమా, సర్కారు గ్రామమా యని యడిగిరి. నాకు ఊరి పేరు తప్ప వేఱేమియు తెలియలేదు." ఇందు కార్యాలయము వారి తప్పు లేదు. మా సభ్యుని కోరికయు తప్పు కాదు. బయలుదేరుటకు ముందు ఇంటివద్ద చేయవలసిన పని మిగిలిపోవుటయే లోపము. ఇట్టి నష్టము మఱియొకరికి కలుగకుండుటకై ఈ విషయమును గూర్చి మేమెఱిగిన సంగతులను సభ్యులకు మనవి చేయుచున్నాము.

కాగితములు ఊరిని బట్టి యుండును

సర్కారు వారు పాత కాగితములను మన వంశముల కొఱకు వ్రాయలేదు. శిస్తు వసూలు కొఱకును, ఇనాముల విచారణ కొఱకును, తగవుల పరిష్కారము కొఱకును వ్రాసిరి. కావున అవి జిల్లా, తాలూకా, గ్రామము, సంవత్సరము అను వరుసలో కట్టబడియున్నవి. ఊరును, ఏడును చెప్పగలిగినచో అచ్చటి గుమాస్తా సంపుటమును తెచ్చి ముందుంచగలడు. పేరు మాత్రము చెప్పినచో ఆయన చేయగలిగినది లేదు. సర్వే నంబరు తెలియక వేయి యెకరముల ఆయకట్టులో ఒక మడిని వెదకుట యెట్టిదో, ఇదియు అట్టిదే. అందుచేత పనిలో ముప్పాతిక భాగము ఇంటివద్దను, గ్రామములోను ముగియవలెను. మిగిలిన పాతిక భాగమే పట్టణములో చేయదగినది.

పెద్దల జ్ఞాపకము

మొట్టమొదట ఒక నోటు పుస్తకము తీసికొని వంశములో మిక్కిలి పెద్దవారియొద్ద కూర్చుండవలెను. దస్తరములు నూఱేండ్లు ఆగియున్నవి, ఇంకొక యేడు ఆగగలవు. ఎనుబది యేండ్ల మేనత్త ఆగజాలదు. తనతో ప్రారంభించి తండ్రి, తాత, ముత్తాత యని వెనుకకు పోవలెను. ఒక్కొక్కరికి పేరు, పుట్టిన ఊరు, గతించిన కాలము, భార్య పేరు, ఆమె పుట్టినిల్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, ఉమ్మడి నుండి వేఱుపడిన కాలము వ్రాసికొనవలెను. చూచి చెప్పినది, విని చెప్పినది, ఊహించి చెప్పినది అను మూడు తెగలను వేర్వేరుగా గుర్తించవలెను.

పితృకార్యములు చేయు కుటుంబములలో తర్పణము విడుచునప్పుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పుట ఆచారము. ఆ మూడు తరములు అట్లే దొరకును. కాశీ గయలకు పోయి వచ్చినవారున్నచో, అచ్చటి పండాల బహీలలో వారి పేరును, ఊరును వ్రాయబడి యుండవచ్చును. రెడ్లు మొదలగు కులముల గోత్రములను, ఇంటిపేర్లను పిచ్చకుంట్లవారును, పద్మశాలీల వంశములను కూనపులివారును, మాదిగల వంశములను డక్కలివారును తరతరములుగా చెప్పుచు వచ్చిరి. వారి నోటిమాట ఆధారము చూపును గాని సాక్ష్యము కాదు. వ్రాసికొని, కాగితముతో సరిచూడవలెను.

ఇచ్చట మూడు చిక్కులు కలవు. మొదటిది, తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము. సుబ్బయ్య కుమారుడు వెంకయ్య, ఆ వెంకయ్య కుమారుడు మరల సుబ్బయ్య. తండ్రి పేరును సంవత్సరమును చూడనిచో ఇద్దరు సుబ్బయ్యలు ఒక్కరై పోవుదురు, లేదా ఒక్కరే ఇద్దరగుదురు. రెండవది దత్తత. మూడవది ఇల్లరికము. ఇల్లరికపు అల్లునికి మామగారి భూమి వచ్చును గాని యింటిపేరు రాకపోవచ్చును. అట్టిచోట భూమి యొక దారిని, ఇంటిపేరు మఱియొక దారిని పోవును. ఈ సంగతి తెలియనివాడు కాగితములో దారితప్పును.

స్త్రీల పేర్లు విడువరాదని ముఖ్యముగా చెప్పుచున్నాము. మన వంశవృక్షములలో పెక్కింటియందు స్త్రీల కొమ్మలే లేవు. కాని పసుపు కుంకుమల క్రింద ఆడపడుచులకిచ్చిన భూముల దస్తావేజులలో వారి పేరు, తండ్రి పేరు, భర్త పేరు ఒక్కచోట దొరకును. రెండు వంశములు కలియు స్థలము అదియే.

కాలమును లెక్కించుట

పెద్దలు సంవత్సరములను అంకెలతో చెప్పరు. "మా తాత ధాత కఱవునాటికి పసివాడు" అందురు. ధాత సంవత్సరము 1876-77. గుంటూరు సీమను పాడుచేసిన నందన కఱవు 1832-33. బందరు ఉప్పెన రక్తాక్షి సంవత్సరములో, 1864 నవంబరు 1వ తేదీన వచ్చినది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19వ తేదీది. ఇట్టి గుర్తులను ఆధారముగా గొని వయస్సులను కట్టవలెను. అయితే సంవత్సర నామము అఱువది యేండ్లకొకసారి తిరిగి వచ్చునని మఱువరాదు. ప్రభవ యనగా 1867-68 కావచ్చును, 1927-28 కావచ్చును, 1987-88 కావచ్చును. తరమునకు ఇరువదియైదు ముప్పది యేండ్ల చొప్పున లెక్కించి ఏది పొసగునో చూడవలెను.

రెవిన్యూ కాగితములలో ఫసలీ యుండును. ఫసలీకి 590 కలిపినచో అది ప్రారంభమైన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. చెన్నపట్టణ రాజధాని జిల్లాలలో ఫసలీ జూలై 1వ తేదీతో ప్రారంభమగుచుండెను. కావున 1270 ఫసలీ యనగా 1860 జూలై మొదలు 1861 జూన్ వఱకు. హైదరాబాదు సంస్థానమున ఆజుర్ నెలతో, అనగా అక్టోబరులో, ఫసలీ ప్రారంభమగుచుండెను. పాత తెలుగు లెక్కలలో ఇదే సంఖ్య ౧౨౭౦ అని యుండును. తెలుగు అంకెలను ముందుగా అలవాటు చేసికొననివారు ౨ను ౩గా చదివి నూఱేండ్లు తప్పుదురు.

ఇంటి పెట్టె, సంఘపు బీరువా

పెద్దల పిమ్మట కాగితములు. అటకమీది పెట్టెలను దింపి, చెదలు తిన్నది పోగా మిగిలినదానిని ఎండ తగులని చోట పఱచి చూడవలెను. పట్టాలు, శిస్తు రసీదులు, క్రయపత్రములు, తాకట్టు పత్రములు, భాగపరిష్కార పత్రములు, కోర్టు తీర్పుల నకళ్లు, పెండ్లి శుభలేఖలు, తాటియాకులు, ఇవి యన్నియు పనికివచ్చును. ప్రతి కాగితము నుండియు నాలుగు సంగతులు వేఱుగా వ్రాసికొనవలెను: గ్రామము, తేదీ, సర్వే నంబరు, దస్తావేజు నంబరు. సాక్షుల పేర్లను గూడ చూడవలెను. సాక్షులు తఱుచు దాయాదులు, బావమఱదులు అయియుందురు.

తరువాత మన సంఘపు బీరువా. 1904 సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన పిమ్మట గ్రామ సంఘములు ఏర్పడసాగినవి. పాత సంఘముల సభ్యుల రిజిస్టరులో సభ్యుని తండ్రి పేరు, వాటా ధనము, చేరిన తేదీ కనబడును. అప్పు పత్రములలో హామీ క్రింద చూపిన భూమి సర్వే నంబరులు, జామీనుదారుల పేర్లు కనబడును. పాత పుస్తకములు పనికిరానివని అమ్మివేయుటకు ముందు పాలకవర్గములు ఈ సంగతిని ఆలోచించవలెనని మా ప్రార్థన. గ్రామ పాఠశాల ప్రవేశ రిజిస్టరు, క్రైస్తవ కుటుంబములకు చర్చి బాప్తిస్మ రిజిస్టరు ఇట్టివే. సొంత భూమి లేక కూలి చేసికొని బ్రదికిన కుటుంబముల పేర్లు భూమి లెక్కలలో అరుదు. వారికి ఈ రెండు రిజిస్టరులే మొదటి ఆధారములు.

గ్రామము పూర్వస్థితి

ఇక గ్రామమును గూర్చి రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసికొనవలెను. మొదటిది, ఏ కాలమున అది ఏ జిల్లాలో నుండెను? తణుకు తాలూకా 1859 మొదలు గోదావరి జిల్లాలోను, 1904 మొదలు కృష్ణా జిల్లాలోను, 1925 మొదలు పశ్చిమ గోదావరి జిల్లాలోను ఉండెను. కావున 1890 నాటి కాగితమునకు గోదావరి సంపుటములను, 1910 నాటి కాగితమునకు కృష్ణా సంపుటములను చూడవలెను. అనంతపురము జిల్లా 1882లో బళ్ళారి నుండి వేఱుపడినది. తెలంగాణమున 2016లోను, ఆంధ్రప్రదేశమున 2022లోను ఏర్పడిన క్రొత్త జిల్లాల పేర్లు పాత పట్టికలలో వెదకినను దొరకవు. ఇంగ్లీషు కాగితములలో విజయవాడ బెజవాడగాను, ఏలూరు ఎల్లూరుగాను, కాకినాడ కోకనాడగాను, బందరు మసులీపటముగాను ఉండును. చిన్న గ్రామముల పేర్లు ఇంతకంటెను మాఱియుండును.

రెండవది, ఆ గ్రామము ఎట్టి గ్రామము? సర్కారు రైతువారీ గ్రామమైనచో సర్వే, సెటిల్మెంటు రిజిస్టరులలో పట్టాదారుల పేర్లు కనబడును. 1802 సంవత్సరపు 25వ రెగ్యులేషను క్రింద శాశ్వత శిస్తు కట్టిన జమీందారీ గ్రామమైనచో, రైతుల లెక్కలు జమీందారుల ఠాణాలలో నుండెడివి. 1948 సంవత్సరపు 26వ చట్టముచే జమీందారీలు రద్దయిన పిమ్మటనే అట్టి పలు గ్రామములకు రైతువారీ పట్టాలు వచ్చినవి. హైదరాబాదు సంస్థానపు గ్రామమైనచో దివానీయా, జాగీరా, సర్ఫేఖాసా యని యడుగవలెను. ఈ కడపటి రెండును 1949లో సర్కారులో కలిసినవి.

ఏ కాగితము ఎచ్చట

దూరము పోవుటకు ముందు తాలూకా కేంద్రమును చూడవలెను. కోస్తా, రాయలసీమ జిల్లాలలో రీసెటిల్మెంటు రిజిస్టరు, కొన్ని తావుల డైగ్లాటు అను ద్విభాషా రిజిస్టరు, అడంగలు, 10(1) ఖాతా. తెలంగాణమున సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ ముఖ్యములు. ఇవి తహసీలుదారు, కలెక్టరు, సర్వే శాఖ కార్యాలయములలో విచారింపదగినవి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 1984లో కరణముల ఉద్యోగములు రద్దయినప్పుడు గ్రామ లెక్కలు చేతులు మాఱినవి. కొన్ని ఊళ్లలో పాత కరణము వంశీయుల యింట నేటికిని కొన్ని పుస్తకములు కలవు. మర్యాదతో అడిగినచో చూపుదురు.

పేరును బట్టి వెదకుటకు వీలైన చోటు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయము. అచ్చట మొదటి సూచిక వ్యక్తుల పేర్లను బట్టియు, రెండవ సూచిక ఆస్తిని బట్టియు వ్రాయబడును. చెన్నపట్టణ రాజధానిలో 1865 మొదలు దస్తావేజుల రిజిస్ట్రేషను జరుగుచున్నది. 1908 సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ప్రకారము స్థిరాస్తి దస్తావేజుల నకళ్లుండు ఒకటవ పుస్తకమును రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును. కంప్యూటరులో నున్నవి ఇటీవలి దశాబ్దముల దస్తావేజులు. తాతల కాలము వానికి పాత సూచికలే శరణ్యము.

ఇక రికార్డాఫీసులు. చెన్నపట్టణమున ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్సులో రాజధాని కాలపు రెవిన్యూ బోర్డు కాగితములు కలవు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్సులో నిజాము సర్కారు దస్తరములు కలవు. తెలుగు జిల్లాల పాత రికార్డులు కొన్ని అచ్చటికే చేరినవి. 2014 రాష్ట్ర విభజన పిమ్మట పత్రముల స్థానము మాఱియుండవచ్చును గాన, మనకు కావలసిన జిల్లా, సంవత్సరముల సంపుటములు ఎచ్చటనున్నవో ముందుగా ఉత్తరము వ్రాసి తెలిసికొని మఱి బయలుదేరవలెను.

వంశచరిత్రకు మిక్కిలి పనికివచ్చునది ఇనాం ఫెయిరు రిజిస్టరు. 1858లో చెన్నపట్టణ రాజధానిలో ఇనాం కమిషను ఏర్పడి గ్రామ గ్రామమున ఇనాములను విచారించెను. ఆ రిజిస్టరులో భూమి విస్తీర్ణము, ఇనాము నిచ్చిన ప్రభువు, మొదట పుచ్చుకొన్నవారు, నాటి అనుభవదారుని పేరు, వయస్సు, మొదటివారితో గల బంధుత్వము వరుసగా వ్రాయబడినవి. ఒక్క పుటలో మూడు నాలుగు తరములు దొరకిన సందర్భములు కలవు.

వలసపోయిన దాయాదులను వెదకువారు మఱియొక మార్గమును చూడవలెను. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను ఓడ చెన్నపట్టణము నుండి నేటాలు చేరినది. అది మొదలు 1911 వఱకు అచ్చటికి పోయిన కూలీల పట్టికలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాయబడినవి. మారిషసు దీవికి పోయినవారి కాగితములు అచ్చట మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో కలవు. ఇచ్చటను ఇంటిపేరు కంటె ఊరిపేరే దారి చూపును.

కార్యాలయములో

ఒక ప్రయాణమునకు ఒక ప్రశ్న చాలును. "మా వంశము సంగతి కావలెను" అనుట ప్రశ్న కాదు. "ఫలానా తాలూకా ఫలానా గ్రామమున 1860 ప్రాంతమున ఇనాము ననుభవించుచుండినవారెవరు?" అనునది ప్రశ్న. దీనికి సమాధానము చెప్పగల సంపుటము కలదు.

గుర్తింపు కార్డును, దాని నకలును, దరఖాస్తును, తెల్లకాగితములను, పెన్సిలును, భూతద్దమును తీసికొనిపోవలెను. పాత పత్రములయొద్ద సిరాకలము కూడదు. ఇంటి అసలు కాగితములను తీసికొనిపోరాదు, నకళ్లు చాలును. పనివేళలు, సెలవులు, నకళ్ల రుసుము, సెల్‌ఫోనుతో ఛాయాచిత్రములు తీయుటకు అనుమతి కలదా లేదా యనునవి ముందే అడుగవలెను. అచ్చట మొదట పట్టిక పుస్తకమును చూచి, సంపుటము నంబరును చీటీపై వ్రాసి యీయవలెను. సంపుటము వచ్చుటకు కొంత కాలము పట్టును గాన ఉదయముననే చేరుట మేలు. వ్రేలిని తడిచేసి పుటలు త్రిప్పరాదు. పెళుసెక్కిన పుట విఱిగినచో అది మన వంశము ఒక్కదానికే కాక, ఆ పుటలోనున్న వంశములన్నిటికిని నష్టము.

పాత తెలుగు కాగితములు గొలుసుకట్టు వ్రాతలో నుండును. నిజాము దస్తరములు 1880ల దశకము వఱకు పారసీలోను, పిమ్మట ఉర్దూలోను ఎక్కువగా నుండును. కొన్ని జిల్లాలలో కంపెనీ తొలినాటి లెక్కలు మరాఠీ మోడి లిపిలో కలవు. చదువలేనిచో ఊహించి వ్రాసికొనక, నకలు తీసికొని వచ్చి తెలిసినవారిచే చదివించుట యుక్తము. చూచిన ప్రతి సంపుటము పేరు, నంబరు, పుట వ్రాసికొనవలెను. ఏమియు దొరకని సంపుటములను గూడ వ్రాసికొనవలెను. లేనిచో మరుసటి సారి వానినే మరల తెప్పించుకొందుము.

దొరకిన పిమ్మట

మొదట చెప్పిన సభ్యుడు ఈ యేడు మరల ప్రయత్నించిరి. ఈసారి ముందుగా తమ మేనత్తయొద్ద నాలుగు సాయంకాలములు కూర్చుండిరి. ముత్తాత ఆ యూరికి ఇల్లరికము వచ్చినవాడని ఆమె చెప్పువఱకు ఇంటిలో నెవరికిని తెలియదు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయపు పాత సూచికలో ముత్తాత పేరు పట్టి వెదకగా, మామగారు తన కుమార్తెకు పసుపు కుంకుమల క్రింద భూమి నిచ్చిన దస్తావేజు దొరకెను. అందలి యింటిపేరుతో, ఊరితో రికార్డాఫీసునకు పోగా, ఇనాం రిజిస్టరులో ఆ మామగారి తాత పేరును, వయస్సును కనబడినవి. మా సభ్యుడు అంతవఱకు పితృార్జితమని చెప్పుకొనుచుండిన చెఱువు క్రింది మాగాణి, నిజమునకు ముత్తవ్వది. ఆమె పేరు మూడు తరములుగా ఎవరును తలపలేదు. ఇప్పుడు అది వారి యింటి పుస్తకములో మొదటి పుటలో నున్నది.

ఇట్టివి దొరకినప్పుడు కొన్ని జాగ్రత్తలు కావలెను. దొరకినది గొప్పది కాకపోవచ్చును. అప్పుక్రింద అమ్ముడుపోయిన భూమి, ఓడిపోయిన వ్యాజ్యము, పాలేరుతనము కనబడవచ్చును. దానిని దాచి రాజవంశములను కల్పించుకొనుట చరిత్ర కాదు. పాత కాగితములో తాత పేరున్నంతమాత్రమున నేడు ఆ భూమిపై హక్కు కలుగదు. నకలు చేతబట్టుకొని దాయాదుల గెట్టుమీదికి పోవుటకు ముందు న్యాయవాది నడుగవలెను. మేము చెప్పు ఈ పని తగవులు పెంచుటకు కాదు.

సభ్యులకు మా మనవి యొక్కటే. ఈ మాసములోనే ఒక కాగితముపై మీ వంశములో నాలుగు తరముల పేర్లు, స్త్రీల పేర్లతో సహా, వ్రాసి చూడుడు. ఎచ్చట ఖాళీ వచ్చునో అచ్చటనే మీ ప్రశ్న కలదు. ఆ ఖాళీని నింపగల పెద్దలు ఇంటనున్నచో రికార్డాఫీసునకు పోవుటకు తొందరలేదు. ముందు వారియొద్దకు పొండు.